మన ఇంటి గదీ, టి.వి. తెరా

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన రేడియో ప్రసంగ పాఠం)



రేడియోలో మాట్లాడే మనిషి టి.వి. గురించి చెప్పడమేమిటని మీలో కొందరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి, తప్పులేదు. సవతి మీద చాడీలు చెబుతోందనుకున్నా నాకేం అభ్యంతరం లేదు. కాని మొన్న హైదరాబాదు నుంచి మా అమ్మాయి ఫోను చేసింది. పెళ్ళయి ఏడాది కాలేదు, కొత్త కాపురం. "అమ్మా, టి.వి. కొందామనుకుంటున్నాం. ఓ.ఎల్.ఇ.డి. అంటున్నారు, క్యూ.ఎల్.ఇ.డి. అంటున్నారు. ఏది మంచిదో నాకేం తెలుస్తుంది, ఆయన్నే చూడమన్నాను" అంది. ఆ చివరి మాట విన్నాక నాకు మనసు ఊరుకోలేదు. ఒకప్పుడు నేనూ అదే మాట అన్నాను. దాని ఖరీదు ఎంతయిందో ఇప్పటికీ లెక్క చెప్పగలను.

బంగారం కొనేటప్పుడు నలుగుర్నీ అడుగుతాం. చీర కొనేటప్పుడు దుకాణం గుమ్మం దాకా పట్టుకెళ్ళి, ఎండ వెలుతురులో రంగు చూస్తాం. టి.వి. కొనేటప్పుడు మాత్రం అది మగవాళ్ళ వ్యవహారమని పక్కకి తప్పుకుంటాం. పదిహేనేళ్ళ కిందట ఇంటింటా ఒకటే చర్చ ఉండేది, జ్ఞాపకముందా? ప్లాస్మా కొనాలా, ఎల్.సి.డి. కొనాలా అని. ఆ చర్చ ఎలా పుట్టింది, ఎలా తేలింది, అందులో మా ఇల్లు ఏం నేర్చుకుంది అన్నది ఇవాళ చెబుతాను.

మా తిరువూరు పెద్ద పట్నమేం కాదు. బెజవాడ నుంచి జగదల్పూరు వెళ్ళే రోడ్డు మీద, తెలంగాణ సరిహద్దున, మామిడి తోటల మధ్య ఉన్న ఊరు. అయినా ఈ విషయంలో పట్నానికీ మాకూ తేడా లేదు. అందరి హాలు తలుపూ పగలు తీసే ఉంటుంది. అందరికీ నెల తిరిగేసరికి కరెంటు బిల్లు వస్తుంది.

ముందు కాస్త వెనక్కి వెళదాం. మన దేశంలో టెలివిజను ప్రసారాలు 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రారంభమయ్యాయి. ఆ బొమ్మ తెలుగు పల్లెకి చేరడానికి మరో పదహారేళ్ళు పట్టింది. చేరిన తీరు మాత్రం చిత్రంగా ఉంటుంది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా, సరిగ్గా ఏడాది పాటు, అమెరికావారి ఏ.టి.ఎస్.-6 అనే ఉపగ్రహాన్ని అడిగి పుచ్చుకుని మన శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగం చేశారు. దానికి 'సైట్' అని పేరు. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలో 2,400 గ్రామాలకు ఆకాశం నుంచి నేరుగా బొమ్మ దింపారు. ప్రసారమైన నాలుగు భాషల్లో మన తెలుగు ఒకటి. ఉదయం బడిపిల్లలకి పాఠాలు, సాయంత్రం పెద్దలకి వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ సంక్షేమం. యాంటెనా ఎలా చేశారనుకున్నారు? కోళ్ళ గూళ్ళకి వాడే ఇనుపవల లాంటి వలను పది అడుగుల గొడుగులా అమర్చారు.

ఆ సెట్లు చేసింది మన హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థ. 1967లో మొదలైన ఆ సంస్థకి ఆద్యులు పశ్చిమ గోదావరి జిల్లాలో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు. హైదరాబాదులో ఉన్నవాళ్ళు రోజూ బస్సు బోర్డు మీద చదివే ఏ.ఎస్.రావు నగర్ ఆయన పేరు మీద వెలిసినదే. తర్వాతి రోజుల్లో 'ఇ.సి. టి.వి.' అంటే తెలుగువాళ్ళ ఇళ్ళలో తెలియనివారు లేరు.

'సైట్' సెట్టు ఎవరి హాలు కోసమూ చేసింది కాదు. బడిలోనో, పంచాయతీ ఆఫీసులోనో పెడితే ఊరంతా నేలమీద కూర్చుని చూసేది. పల్లెటూరి దుమ్ము, ఎండ, హెచ్చుతగ్గుల కరెంటు తట్టుకోవాలని దాన్ని అలా చేశారు. అంటే టి.వి. ఉండబోయే చోటేమిటో ముందు ఆలోచించి, ఆ తర్వాత సెట్టు చేశారన్నమాట. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం వచ్చింది. 1982లో, ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగిన ఏడాది, రంగులు వచ్చాయి. 1980ల మధ్య దాకా రేడియోకీ, టి.వి.కీ పోస్టాఫీసులో లైసెన్సు కట్టాల్సి వచ్చేది.

నాకు బాగా జ్ఞాపకమున్నది 1987. ఆ జనవరి 25న 'రామాయణం' మొదలయింది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. మా వీధికంతా ఒక్కరింట్లోనే సెట్టు. చెక్క పెట్టె, రెండు పక్కలకీ జరిగే తలుపులు, కింద నాలుగు కాళ్ళు. ఆదివారం పొద్దున్నే మా అమ్మ తలంటి పోసి పంపేది. ఆ ఇంటి మామ్మగారు హారతి పళ్ళెం పట్టుకుని వచ్చాకే పెట్టె తలుపులు తెరిచేవారు. మేడ మీద ఒకరు యాంటెనా తిప్పుతుంటే, "వచ్చింది, వచ్చింది... పోయింది!" అని కింద నుంచి అరవడం మా పిల్లల ఉద్యోగం. మీలో ఎంతమంది ఆ ఉద్యోగం చేశారో నాకు తెలుసు.

ఆ బొమ్మని చూపింది పిక్చరు ట్యూబు. 1897లో జర్మనీలో బ్రాన్ అనే శాస్త్రజ్ఞుడు చేసిన గాజు గొట్టం దానికి మూలం. వెనక నుంచి ఎలక్ట్రానుల ధార వచ్చి, ముందు గాజు లోపలి పూతను తాకితే వెలుగు పుడుతుంది. తెర పెద్దది కావాలంటే గొట్టమూ లోతు కావాలి. అందుకే 29 అంగుళాల సెట్టు ఇంటికి వస్తే ఇద్దరు మగవాళ్ళు మోయాలి, హాల్లో ఒక మూలంతా దానికే ఇచ్చేయాలి. ఆ పొట్ట తగ్గించాలన్న తాపత్రయంతోనే ప్లాస్మా, ఎల్.సి.డి.లు మన ఇళ్ళకి వచ్చాయి.

ప్లాస్మా తెర 1964లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో పుట్టింది. డొనాల్డ్ బిట్జర్, జీన్ స్లాటో అనే ఇద్దరు అధ్యాపకులూ, రాబర్ట్ విల్సన్ అనే విద్యార్థీ కలిసి చేశారు. సీరియళ్ళ కోసం కాదు సుమండీ, కంప్యూటరు మీద పాఠాలు చెప్పే 'ప్లేటో' అనే ఏర్పాటు కోసం. ఆ రోజుల్లో అది నారింజ రంగులోనే వెలిగేది. 1992లో జపానులో ఫుజిత్సు కంపెనీ 21 అంగుళాల రంగుల ప్లాస్మా తెచ్చింది. 1997లో 42 అంగుళాల సెట్టు అమెరికా దుకాణాలకు వచ్చినప్పుడు దాని వెల దాదాపు 15 వేల డాలర్లు.

అది ఎలా వెలుగుతుందో తెలియాలంటే ట్యూబులైటు చూడండి. గాజు గొట్టంలో వాయువు ఉంటుంది. కరెంటు తగలగానే కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలు పుట్టి, గొట్టం లోపలి తెల్లటి పూతను తాకుతాయి. అప్పుడు వెలుతురు వస్తుంది. ప్లాస్మా తెర నిండా ఇలాంటి బుల్లి దీపాలే. ఫుల్ హెచ్.డి. తెరలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి 62 లక్షల పైమాటే. బొమ్మలో నలుపు ఉన్న చోట ఆ దీపాలు దాదాపు ఆరిపోతాయి. అందుకని నలుపు నల్లగానే కనిపిస్తుంది.

ఎల్.సి.డి. దారి వేరు. అందులో బొమ్మ తనంత తాను వెలగదు. వెనక దీపం వెలుగుతూ ఉంటుంది. ముందు లక్షల కొద్దీ చిన్న చిన్న కిటికీ రెక్కలున్నాయనుకోండి. ఏ రెక్క ఎంత తెరుచుకుంటే అంత వెలుగు బయటికి వస్తుంది. ఎంత గట్టిగా మూసినా సందుల్లోంచి కొంచెం వెలుగు కారుతూనే ఉంటుంది కనక, నలుపు కాస్త బూడిద రంగుగా కనబడుతుంది. ఆ రెక్కల పని చేసేది ద్రవస్ఫటికం. శీతాకాలం పొద్దున నెయ్యి గిన్నె చూడండి, అటు పూర్తిగా పేరుకోదు, ఇటు పూర్తిగా కరగదు. పోలిక అచ్చంగా సరిపోదు గాని, అలాంటి మధ్య అవస్థలో ఉండే పదార్థమది. 1888లో రైనిట్జర్ అనే ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు కేరట్ల నుంచి తీసిన పదార్థాన్ని వేడిచేస్తుంటే, 145 డిగ్రీల దగ్గర మసకమసకగా కరిగి, 178 డిగ్రీల దగ్గర మళ్ళీ తేటపడిందిట. వంటింట్లో మనం చూసే వింతల్లాంటిదే.

ఎనభై ఏళ్ళు అది ప్రయోగశాలల్లోనే ఉండిపోయింది. 1968లో అమెరికాలో ఆర్.సి.ఎ. కంపెనీకి చెందిన జార్జి హైల్మెయర్ బృందం దానితో బొమ్మ చూపవచ్చని ప్రకటించింది. 1973లో జపాను కంపెనీ షార్ప్ జేబు కాలిక్యులేటరులో పెట్టింది. అక్కడి నుంచి చేతి గడియారాలు, కంప్యూటర్లు, సెల్‌ఫోనులు. 1988లో అదే కంపెనీ 14 అంగుళాల రంగుల తెర చేసి చూపింది.

మొదట్లో ఎల్.సి.డి.కి ఒక పెద్ద లోపం ఉండేది. ఎదురుగా కూర్చుంటే బాగానే ఉండేది, పక్కకి జరిగితే రంగులు వెలిసిపోయేవి. మన ఇళ్ళలో అందరూ ఎదురుగా ఎక్కడ కూర్చుంటారండీ? పెద్దాయన మంచం మీద, పిల్లలు చాప మీద, మనం వంటింటి గుమ్మంలో చిక్కుళ్ళు ఒలుస్తూ. ఈ లోపం తగ్గించడంలో మన దేశపు పరిశోధనకీ చోటుంది. 1977లో బెంగుళూరులోని రామన్ పరిశోధన సంస్థలో ఎస్.చంద్రశేఖర్ గారూ, ఆయన సహచరులూ పళ్ళేల్లాంటి అణువులుండే కొత్తరకం ద్రవస్ఫటికాలను కనుగొన్నారు. (నక్షత్రాల మీద పరిశోధనకి నోబెల్ బహుమతి అందుకున్న చంద్రశేఖర్ గారు వేరు.) తర్వాతి కాలంలో జపానువారు అలాంటి పదార్థంతో పల్చటి పొర చేసి తెరకి అంటించి, పక్క నుంచి చూసేవారికి కూడా బొమ్మ కనిపించేలా మెరుగుపరిచారు.

ఇక మా ఇంటి సంగతికి వస్తాను. 2011 ఫిబ్రవరి. ప్రపంచ కప్పు క్రికెట్టు మొదలవబోతోంది. మావారూ, మా మరిదీ పాత 21 అంగుళాల సెట్టు తీసేసి పెద్దది కొనాలని నిశ్చయించారు. నేను ఇరవై నెలల పాటు కట్టిన చీటీ డబ్బు చేతికి వచ్చి ఉంది. మా వంటిల్లు చీకటి కొట్టు. పడమటి గోడకి కిటికీ పెట్టించి, గాలి బయటికి తోసే ఫ్యాను బిగించుకోవాలని ఆ డబ్బు దాచుకున్నాను. "కిటికీ ఎక్కడికి పోతుంది? కప్పయితే అయిపోతుంది కదా" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. డబ్బు తీసి ఇచ్చాను.

అందరం బెజవాడ వెళ్ళాం. దుకాణంలో ప్లాస్మాలకి వేరే గది. నల్లటి తెరలు కట్టి, దీపాలు తగ్గించి ఉంచారు. లోపల 42 అంగుళాల తెర మీద రంగురంగుల చేపలు ఈదుతున్నాయి. బయట దీపాల కింద ఎల్.సి.డి.లు వరసగా పెట్టారు. మేము అనుకున్న డబ్బుకి ఎల్.సి.డి. అయితే చిన్నది వస్తుంది, ప్లాస్మా అయితే పెద్దది వస్తుంది. నేను ఒక్క మాట అడిగాను. "మాది తూర్పు వాకిలి బాబూ, పగలంతా తలుపు తీసే ఉంటుంది. వెలుతురులో ఎలా ఉంటుందో చూపిస్తావా?" అన్నాను. ఆ అబ్బాయి నవ్వి, మావారి వైపు తిరిగి ఏవో అంకెలు చెప్పడం మొదలుపెట్టాడు. "ఆ సంగతులు నీకేం తెలుస్తాయి, ఉండు" అన్నారు మావారు. "నిజమే, నాకేం తెలుసు" అని నేనే ఒప్పేసుకున్నాను. చీర అయితే గుమ్మంలోకి పట్టుకెళ్ళేదాన్ని. టి.వి.ని ఎక్కడికి పట్టుకెళ్ళను?

ఏప్రిల్ 2న ఫైనల్. రాత్రి ఆట. ఇంటినిండా జనం. మనవాళ్ళు గెలిచారు. బొమ్మ అద్భుతంగా ఉంది. ఆ రాత్రి నేను కూడా కిటికీ మాట మరిచిపోయాను.

మర్నాడు తెల్లవారింది. ప్లాస్మా తెరకి ముందు గాజు ఉంటుంది. తూర్పు వెలుతురు పడేసరికి అందులో సీరియలు బదులు మా గుమ్మం, తులసికోట, వీధిలో పోయే ఆటోలు కనిపించాయి. సరే అని తలుపు వేసుకుంటే ఉక్క. తిరువూరు మే నెల ఎండ సంగతి ఇక్కడివాళ్ళని అడగండి. దానికి తోడు ఆ సెట్టే పొయ్యిలా వేడి కక్కేది. పగలు ఇంట్లో ఉండేది ఎవరు? నేనూ, మా మామయ్యగారూ. రాత్రి చూసేవాళ్ళు దాన్ని ఎంపిక చేశారు, పగలు చూసేవాళ్ళం దానితో కాపురం చేశాం.

కరెంటు లెక్క కూడా చెబుతాను. ప్లాస్మా వాడకం బొమ్మని బట్టి మారుతుంది. చీకటి దృశ్యాలకి తక్కువ, ఎండలో మెరిసే క్రికెట్టు మైదానానికి ఎక్కువ. మాది 300 వాట్ల దాకా లాగేది. రోజుకి అయిదు గంటలు అనుకుంటే ఒకటిన్నర యూనిట్లు, నెలకి 45 యూనిట్లు. అదే 32 అంగుళాల ఎల్.ఇ.డి. దీపాల ఎల్.సి.డి. అయితే 60 వాట్లు చాలు, నెలకి 9 యూనిట్లు. ముప్ఫై ఆరు యూనిట్లే కదా అనుకోకండి. మన బిల్లు శ్లాబుల మీద నడుస్తుంది. శ్లాబు దాటితే ఆ పైన యూనిట్ల ధరే మారిపోతుంది. 2012, 13లలో ఉమ్మడి రాష్ట్రంలో కరెంటు కోతలు మీకు జ్ఞాపకం ఉండే ఉంటాయి. ఇన్వర్టరు మీద ఈ సెట్టు పెడితే, ఫ్యాను కోసం దాచుకున్న బ్యాటరీ చూస్తుండగానే నీరసపడేది.

మామయ్యగారికి రోజంతా ఒకటే వార్తల ఛానలు కావాలి. ఏడాదిన్నర తిరిగేసరికి ఆ ఛానలు గుర్తూ, కింద నడిచే అక్షరాల పట్టీ తెర మీద మచ్చలా అచ్చుపడ్డాయి. సినిమా పెట్టినా ఆ మచ్చ అక్కడే. ఒకే చోట ఒకే దీపాలు గంటల తరబడి వెలిగితే వాటి పూత మిగతావాటికంటే ముందే అరిగిపోతుందిట. దుకాణంలో చేపలు కదులుతూనే ఉంటాయి కనక ఈ సంగతి అక్కడ బయటపడదు. 2015లో ఒకరోజు టప్పుమని ఆగిపోయింది. మెకానిక్కు విప్పి చూసి, "ఇవి ఇప్పుడు చేయడం లేదమ్మా, బోర్డు దొరకదు" అన్నాడు. ఇరవై నెలల చీటీ పాత సామాన్ల వాడి తక్కెట్లోకి పోయింది.

ఏ మాటకామాట చెప్పుకోవాలి. రాత్రిపూట దాని బొమ్మకి సాటి లేదు. మామయ్యగారు 1957 నాటి 'మాయాబజార్' పెట్టించుకుని, దీపాలు ఆర్పించి చూసేవారు. దానికి 2010లో రంగులు వేసి విడుదల చేశారు గాని, ఆయనకి నలుపు తెలుపుల్లోనే ఇష్టం. మార్కస్ బార్ట్లీ తీసిన ఆ వెన్నెల, నీళ్ళ మీద ఆ నలుపు, ప్లాస్మా మీద కనబడినట్టు ఆ తర్వాత మా ఇంట్లో ఏ తెర మీదా కనబడలేదు. తర్వాత కొన్న సెట్టులో చూసి, "వెన్నెల్లో బూడిద కలిపారేమిటే" అన్నారాయన. ప్లాస్మా చెడ్డ వస్తువు కాదు. చీకటి గదికి పుట్టిన వస్తువు, వెలుతురు వాకిట్లోకి వచ్చి పడింది.

మరి అంత మంచి బొమ్మ చూపే తెరను కంపెనీలు ఎందుకు మానేశాయి? మొదటి కారణం సైజు. ప్లాస్మాలో బుల్లి దీపాలను మరీ చిన్నవి చేయడం కష్టం. అందుకని 42 అంగుళాలు, ఆ పైన అయితేనే వాటికి గిట్టుబాటు. 2008 జనవరిలో పానాసోనిక్ కంపెనీ అమెరికాలో జరిగిన ప్రదర్శనలో 150 అంగుళాల ప్లాస్మా పెట్టింది. మూల నుంచి మూలకి పన్నెండున్నర అడుగులు! మన హాలు గోడ కూడా అంత ఉండదు. ప్రపంచంలో ఎక్కువమంది ఇళ్ళు చిన్నవే. వాళ్ళకి కావలసిన 22, 26, 32 అంగుళాలు ఎల్.సి.డి.లో దొరికాయి.

రెండో కారణం, ఎల్.సి.డి.కి చుట్టాలు ఎక్కువ. కాలిక్యులేటరు, కంప్యూటరు, సెల్‌ఫోను, అన్నిటికీ అదే తెర. ఒకచోట నేర్చుకున్న మెళకువ ఇంకోచోట పనికొచ్చేది, కర్మాగారాలు పెరిగేవి, ధర దిగేది. ప్లాస్మాకి టి.వి. తప్ప వేరే సంసారం లేదు. మూడో కారణం, 2009 ప్రాంతంలో ఎల్.సి.డి. వెనక ట్యూబు దీపాలు తీసి ఎల్.ఇ.డి. దీపాలు పెట్టడం జోరందుకుంది. సెట్టు పల్చబడింది, కరెంటు తగ్గింది. నాలుగోది దుకాణం వెలుతురు. ధగధగలాడే దీపాల కింద పక్కపక్కన పెడితే ప్లాస్మా వెలవెలబోయేది. అందుకే దాన్ని చీకటి గదిలో దాచారు. నేను ఆ రోజు అడిగిన ప్రశ్నే, ప్రపంచమంతటా దుకాణాల్లో కొనేవాళ్ళ కళ్ళు అడిగాయన్నమాట.

2008 నాటికి ఎల్.సి.డి.లు అమ్మకాల్లో పిక్చరు ట్యూబును దాటిపోయాయి. ప్లాస్మాల్లో మేలురకం అని పేరు పొందిన పయనీర్ కంపెనీ 2009లో టి.వి.ల వ్యాపారమే మానుకుంటామని ప్రకటించింది. జపానులోని అమాగసాకిలో పెద్ద పెద్ద ప్లాస్మా కర్మాగారాలు కట్టిన పానాసోనిక్ 2013 డిసెంబరుతో తయారీ ఆపేసింది. శామ్‌సంగ్, ఎల్.జి.లు 2014లో ఆపాయి. యాభై ఏళ్ళ ప్లాస్మా కథ అలా ముగిసింది.

ఆ రోజుల్లోనే మనవాళ్ళకి ఇంకో దెబ్బ తగిలింది. దుబాయి నుంచో, సింగపూరు నుంచో వచ్చే అన్నయ్యలు, బావలు విమానంలో పల్చటి టి.వి. తేవడం మామూలు. 2013 ఆగస్టు 26 నుంచి అలాంటి టి.వి.లకి సుంకం మినహాయింపు తీసేసి, దాదాపు 36 శాతం పన్ను వేశారు. అప్పటిదాకా అక్కడ ఏది చవకగా దొరికితే అది మన హాల్లోకి వచ్చేది. అప్పటి నుంచి మనం ఇక్కడే, మన దుకాణంలోనే నిలబడి ఎంచుకోవలసి వచ్చింది.

ఇప్పుడు ప్లాస్మా ఎక్కడా తయారు కావడం లేదు. అయినా ఆ పాత పోటీ పూర్తిగా పోలేదు, పేర్లు మారాయి అంతే. 'ఎల్.ఇ.డి. టి.వి.' అని అమ్మేది ఎల్.సి.డి.యే, వెనక దీపాలు ఎల్.ఇ.డి.లు. 'క్యూ.ఎల్.ఇ.డి.' అన్నదీ సాధారణంగా ఎల్.సి.డి.యే, రంగులు బాగుండడానికి మధ్యలో ఒక ప్రత్యేకమైన పొర ఉంటుంది. 'ఓ.ఎల్.ఇ.డి.' మాత్రం ప్లాస్మా లాగ ప్రతి చుక్కా తనంత తాను వెలిగే తెర. నలుపు దీనిలో అద్భుతం. గంటల తరబడి ఒకే గుర్తు నిలిస్తే మచ్చపడే భయమూ దీనికి ఉంది. ఈ నాలుగు ముక్కలూ తెలిస్తే దుకాణంలో అబ్బాయి చెప్పే పేర్లకి మనం బెదరనక్కరలేదు.

కొనేముందు ఇంట్లోనే కూర్చుని ఒక కాగితం మీద కొన్ని సంగతులు రాసుకోండి. టి.వి. ఎక్కువగా నడిచేది పగలా, రాత్రా? అప్పుడు తలుపు తీసి ఉంటుందా? కిటికీ తెరకి ఎదురుగా ఉందా, పక్కన ఉందా? ఎవరు ఎక్కడ కూర్చుంటారు, తెరకి ఎన్ని అడుగుల దూరం? 43 అంగుళాల తెరకి అయిదారు అడుగులు ఉంటే చాలు. రోజంతా ఒకే ఛానలు చూసే పెద్దవాళ్ళు ఉన్నారా? సెట్టు మీది నక్షత్రాల చీటీలో ఏడాదికి ఎన్ని యూనిట్లని రాసి ఉంది? చెడిపోతే బాగుచేసేవాళ్ళు మీ ఊళ్ళో ఉన్నారా? వీటిలో ఒక్కదానికీ ఇంజనీరు చదువు అక్కరలేదు. నేను చదివింది పదో తరగతే. ఇంట్లో ఎండ ఏ గంటకి ఎక్కడ పడుతుందో ఇల్లాలికి తెలిసినట్టు ఎవరికీ తెలియదు.

2016లో మళ్ళీ సెట్టు కొనడానికి వెళ్ళినప్పుడు ఈ కాగితం నా చేతిలో ఉంది. "ఆ సెట్టుని గుమ్మం దగ్గర పెట్టి చూపించు బాబూ" అన్నాను. ఆ అబ్బాయి మావారి వైపు చూశాడు. మావారు, "ఆవిడ చెప్పినట్టు చెయ్యవయ్యా" అన్నారు. 40 అంగుళాల ఎల్.సి.డి. తెచ్చుకున్నాం. పగలు తలుపు తీసుకునే చూస్తున్నాం. వంటింటి కిటికీ మాత్రం 2018 దాకా ఆగింది. ఆ ఏడేళ్ళూ నేను పగలు దీపం వేసుకునే కూరలు తరుక్కున్నాను. ఎవరి మీదా కోపం లేదు. ఆ రోజు దుకాణంలో ఇంకొక్కసారి గట్టిగా అడగవలసింది కదా అని నా మీదే నాకు.

అందుకని మా అమ్మాయికి ఏది కొనాలో నేను చెప్పలేదు. "మీ హాలుకి కిటికీ ఎటు ఉందే?" అని అడిగాను. "పడమర. సాయంత్రం ఎండ సోఫా దాకా వస్తుంది" అంది. "ఆ మాట అల్లుడుగారికి చెప్పు. ఇద్దరూ కలిసి వెళ్ళండి. నువ్వు కూడా మాట్లాడు" అన్నాను. ఆదివారం వెళతామంది.

మీ ఇంట్లో కూడా ఈ చర్చ వస్తే, పక్కకి తప్పుకోకండి.